పనిమనిషిలో మనిషి

సంస్కృతమున ‘విష్టి’ యనగా కూలి లేక చేయించుకొను పని. కౌటిల్యుని అర్థశాస్త్రమున ఈ మాట యున్నది. అదియే తెలుగున ‘వెట్టి’ యైనది. పారసీకమున ‘చాకర్’ అనగా సేవకుడు. అందుండి ‘చాకిరి’ వచ్చినది. ఈ రెండును కలిసిన వెట్టిచాకిరిని ఓరుగల్లు ప్రాంతపు గడీలలో ఇంటిపనివారు తరతరములుగా మోసిరి. 1946లో కడివెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన పిదప చెలరేగిన పోరాటమున ప్రజలు దానిని ధిక్కరించిరి. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగము 23వ అధికరణమున వెట్టిని నిషేధించినది.

నేడు మనము ‘పనిమనిషి’ యనుచున్నాము. సమాసమున మనిషి యున్నను, మన మనసున పని మాత్రమే నిలుచుచున్నది. విద్యార్థులారా! మీ యింట అంట్లు తోము ఆమె పేరేమి? ఎఱుగనిచో నేడే యడుగుడు. ఆ పేరునకు ‘అమ్మ’ను చేర్చి పిలువుడు.