నిల్ రిటర్నుల ఏడాది

మార్కెట్ మందగించిందని పేపర్లో పడితే చాలు, నా ఫోన్‌కి పని పెరుగుతుంది. "గురువుగారూ, ఇలాంటప్పుడే కొత్తది మొదలుపెట్టాలంటారు కదా, ఏం పెట్టమంటారు?" విజయవాడలో చిన్న వ్యాపారుల పద్దులు చూసి, జీఎస్టీ రిటర్నులు వేసిపెట్టడం నా పని. అడిగేవాళ్లందరి నోటా వచ్చేది కరోనా కథే. ఫలానా ఆయన మాస్కులమ్మి ఇల్లు కట్టాడట, ఫలానా ఆవిడ పచ్చళ్లు పెట్టి అమెరికా పంపిందట. అబద్ధమనను. కానీ ఆ రెండేళ్ల చిట్టాలు తిరగేసినవాణ్ని, నాకు కనిపించిన కథ కొంచెం వేరు.

2020 ఏప్రిల్ నుంచి జూన్ దాకా దేశ జీడీపీ అంతకు ముందటేడు అదే మూడు నెలల కంటే 23.9 శాతం పడిపోయిందని తొలి లెక్క తేల్చింది. నా బల్ల మీద అది సున్నాల రూపంలో కనిపించింది. అమ్మకం సున్నా, కొనుగోలు సున్నా. ఆ జూన్‌లోనే నిల్ రిటర్నును ఎస్సెమ్మెస్‌తో పంపుకునే వీలొచ్చింది. మా షామియానాల వాళ్లకీ, ఫంక్షన్ హాళ్లకీ, శుభలేఖలు అచ్చేసే ప్రెస్సులకీ అంతకు మించి చేయడానికి ఏమీ లేదు. పెళ్లికి యాభై మంది దాటకూడదన్నాక శుభలేఖ ఎవరు వేయిస్తారు?

నా ఖాతాదారుల్లో బడిపిల్లల యూనిఫాంలు కుట్టించే ఆయన ఒకరున్నారు. బడులు మూతపడగానే కుట్టుమిషన్లన్నీ ఖాళీ. గొడౌన్లో మిగిలిన తానులతో గుడ్డ మాస్కులు కుట్టించి మందుల షాపులకు వేశారు. అప్పటికే, మార్చి 21న, కేంద్రం రెండు పొరల మాస్కుకి 8 రూపాయలు, మూడు పొరలదానికి 10, శానిటైజర్ 200 మిల్లీలీటర్లకి 100 అని ధర కట్టేసింది. బజారు ఎంత తెగబడిందో దాన్నిబట్టే అర్థమవుతుంది. గుడ్డ ఎలాగూ పాతదే కాబట్టి ఆయనకి నాలుగు డబ్బులు మిగిలాయి. ఆ ఊపులో పీపీఈ కిట్లలోకి దిగారు.

అది వేరే లోకం. బట్ట నేసింది కాదు, కుట్టు మీద వేడిగాలితో టేపు అతికించే మిషన్ కావాలి, రక్తం లోపలికి దిగదని ల్యాబ్ ధ్రువీకరించాలి. ఆయన చేబదుళ్లు తెచ్చి మిషన్ దింపేలోగా కొంప మునిగింది. మార్చిలో దాదాపు ఏమీ తయారుకాని దేశంలో, మే నెలకల్లా రోజుకి నాలుగున్నర లక్షల కిట్లు తయారవుతున్నాయని కేంద్రమే ప్రకటించింది. దేశానికి గర్వకారణమే. అందరూ కుట్టడం మొదలెట్టాక కొనేవాడు అడిగిందే ధర అయింది. ఆ మిషన్ ఇప్పటికీ ఆయన షెడ్డులో టార్పాలిన్ కప్పుకుని ఉంది.

సత్యనారాయణపురంలో కేటరింగ్ చేసే ఇంకొకాయన పాత పెళ్లిళ్ల ఆర్డర్ల డైరీ తీసి, అందులోని నంబర్లన్నిటికీ వాట్సాప్ పెట్టారు. ఐసొలేషన్‌లో ఉన్న ఇళ్లకీ, పిల్లలు విదేశాల్లో ఉండి ఒంటరిగా మిగిలిన పెద్దవాళ్లకీ రెండు పూటలా క్యారేజీ. పప్పు, ఒక కూర, చారు, పెరుగు. ఫోన్‌పేలో డబ్బు ముందురోజు పడితేనే మర్నాడు గుమ్మం ముందు భోజనం. కొత్తగా కొన్న సామాను లేదు, చేసిన అప్పు లేదు. 2021లో నూనె ధర మండిపోయినప్పుడు కూడా నిలబడ్డారు. పెళ్లిళ్లు మళ్లీ మొదలైనా క్యారేజీలు ఆపలేదు.

ఈయన తెలివైనవాడు, ఆయన కాడు అనేస్తే సరిపోదు. యూనిఫాంల ఆయనకి అంతకు ముందు జూన్‌లో వేసిన సరుకు తాలూకు డబ్బు రెండు మూడు బడుల నుంచి లాక్‌డౌన్ నాటికీ రాలేదు. అది చేతికొచ్చి ఉంటే చేబదుళ్లతో పనే లేదు. కష్టకాలంలో అవకాశం కనిపించని వ్యాపారిని నేనింతవరకు చూడలేదు. దాన్ని అందుకునే రోజుకి వాళ్ల సొంత డబ్బు ఇంకొకరి గల్లాపెట్టెలో ఉంటుంది.

సర్కారు ఆదుకోలేదా అంటే, ఆదుకుంది. మే నెలలో మూడు లక్షల కోట్ల హామీ రుణాల పథకం ప్రకటించింది. 2020 ఫిబ్రవరి 29 నాటికి బ్యాంకులో ఉన్న బాకీ మీద ఇంకో 20 శాతం అన్నమాట. బ్యాంకు బాకీ ఉన్నవాడికి అది ఊపిరి. వడ్డీవ్యాపారి దగ్గర తెచ్చుకున్నవాడికి సున్నాలో 20 శాతం సున్నాయే కదా. బండి మీద ఇడ్లీ వేసేవాళ్లకి జూన్‌లో మొదలైన పదివేల రూపాయల స్వనిధి రుణమే, నా లెక్కలో, ఇంతకంటే సూటిగా గురి చూసింది.

ఇక రావలసిన బాకీల సంగతి. సరుకు కొన్నవాళ్లు చిన్న పరిశ్రమకి 45 రోజుల్లో డబ్బు కట్టాలని 2006 నుంచీ చట్టముంది. ఆలస్యమైతే బ్యాంకు రేటుకి మూడింతల చక్రవడ్డీ. నా ఖాతాదారుల్లో అడిగిన మొనగాడు లేడు. అడిగితే వచ్చే ఏడాది ఆర్డరు ఉండదు. అందుకే 2023 బడ్జెట్‌లో తెచ్చిన సవరణ నాకు నచ్చింది. గడువులోగా చెల్లించకపోతే ఆ ఖర్చుని ఆ ఏడాది ఆదాయపు పన్ను లెక్కలో చూపుకోనివ్వరు. 2024 మార్చిలో పెద్ద కొనుగోలుదార్లు తమంతట తాము ఫోన్ చేసి, "మీ ఉద్యమ్ నంబరెంత?" అని అడగడం విన్నాను. చిన్న పరిశ్రమగా ఆ ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్ల దగ్గర కొనడమే మానేస్తామన్న బెదిరింపులూ విన్నాను, అది వేరే సంగతి.

అయితే కొరడా పన్ను కట్టేవాళ్లకే తగులుతుంది. చాలా బడులు ట్రస్టుల పేరిట, సొసైటీల పేరిట నడుస్తాయి. పన్ను మినహాయింపు ఉన్నవాళ్లకి ఈ సవరణంటే భయమెందుకు? ప్రభుత్వ శాఖలు అసలే కట్టవు. అంటే యూనిఫాంల ఆయనకి బాకీపడేవాళ్లు ఎవరో, సరిగ్గా వాళ్లే దీనికి బయట ఉన్నారు. 46వ రోజున వడ్డీ, అమ్మినవాడు నోరు తెరిచి అడగక్కర్లేకుండా, బిల్లుకి దానంతటదే కలిసిపోవాలి. బడులకీ, ఆస్పత్రులకీ, మున్సిపాలిటీలకీ, సచివాలయానికీ కూడా. ఇంకో మందగమనం వచ్చాక లక్షల కోట్ల ప్యాకేజీ ప్రకటించడం కంటే ఇది ఖజానాకి చౌక కూడా.