చెవి దగ్గర చీకటి

మా మేనత్త సెల్‌ఫోన్‌కి ఆమధ్య ఒక జబ్బు పట్టుకుంది. ఎవరికైనా ఫోన్ చేస్తే చాలు, తెర నల్లబడిపోయేది. చెవి దగ్గర్నుంచి తీసినా వెలిగేది కాదు. అవతలివాళ్లు పెట్టేసేదాకా ఆగాల్సిందే. బ్యాంకు రికార్డు గొంతు 'ఒకటి నొక్కండి' అంటే, ఆ చీకట్లో ఒకటి ఎక్కడుందని నొక్కడం? రిపేరు షాపులో 'డిస్‌ప్లే పోయింది, మార్చాలి' అన్నారట.

డిస్‌ప్లే నిక్షేపంగా ఉంది. తిరకాసంతా దానిపై అంటించిన స్క్రీన్‌గార్డుది.

మాట్లాడుతున్నప్పుడు చెంప తగిలి ఫోన్ దానంతటదే కట్ కాకుండా కాపాడేది ప్రాక్సిమిటీ సెన్సర్. చాలా ఫోన్లలో ఇది మాటలు వినిపించే సన్నటి చీలిక పక్కనే ఉంటుంది. అందులో ఒక బుల్లి ఎల్ఈడీ, ఒక ఫొటోడయోడ్. ఎల్ఈడీ పరారుణ కాంతిని తునకలు తునకలుగా పంపుతుంది. దాని తరంగదైర్ఘ్యం సాధారణంగా 940 నానోమీటర్ల దగ్గర ఉంటుంది కాబట్టి మన కంటికి కనిపించదు. టీవీ రిమోట్ వాడేదీ ఇలాంటి కాంతినే. చెంప దగ్గరకు రాగానే దానికి తగిలి వెనక్కి వచ్చే కాంతి పెరుగుతుంది. ఫొటోడయోడ్ దాన్ని కరెంటుగా మారుస్తుంది.

మరి ఎండలోనూ పరారుణ కాంతి ఉంటుంది కదా అంటారా? ఎల్ఈడీ వెలిగినప్పుడు ఎంత వచ్చింది, ఆరినప్పుడు ఎంత వచ్చింది అని విడివిడిగా కొలుస్తారు. మొదటిదాంట్లోంచి రెండోది తీసేస్తే మిగిలేది ఫోన్ సొంత కాంతే.

గమ్మత్తేమిటంటే, ఈ సెన్సర్‌కి నిజానికి దూరం తెలియదు. ఎంత కాంతి తిరిగొచ్చిందో మాత్రమే తెలుసు. అది ఒక హద్దు దాటితే 'దగ్గర' అనుకుంటుంది. మరో చిన్న హద్దు కంటే తగ్గితే 'దూరం' అనుకుంటుంది. హద్దు ఒక్కటే అయితే చెయ్యి కాస్త వణికినా తెర మిణుకుమిణుకుమంటుంది. నల్లటి జుట్టు కాంతిని చాలావరకు మింగేస్తుంది. అందుకే చెవిమీద జుట్టు పడితే కొన్ని ఫోన్లు దగ్గరున్నదాన్ని దూరమనుకుని తెర వెలిగించేస్తాయి.

అత్తయ్య ఫోన్‌లో జరిగింది దీనికి తిరగబడిన కథ. గార్డు కాస్త పక్కకు జరిగి దాని అంచు సెన్సర్ మీదికొచ్చింది. కింద దుమ్ము, జిడ్డు. బయటికి వెళ్లాల్సిన కాంతి అక్కడే తగిలి వెనక్కొస్తోంది. పాపం సెన్సర్‌కి ఎప్పుడూ ఎదురుగా చెంప ఉన్నట్టే!

మీ ఫోనూ ఇలాగే చేస్తే డబ్బు పెట్టేముందు గార్డు తీసి, మెత్తని పొడిగుడ్డతో తుడిచి చూడండి. పవర్ మీట నొక్కితే కాల్ ఆగే సదుపాయం చాలా ఆండ్రాయిడ్ ఫోన్ల సెట్టింగుల్లో ఉంది. దాన్ని ఆన్ చేసుకుంటే చీకట్లో అక్కరకొస్తుంది. అన్నట్టు, 2016లో వచ్చిన షియోమీ మి మిక్స్‌లో ఈ పరారుణ సెన్సర్ లేదు. ఆ పని చెవికి వినపడని శబ్దంతో చేయించారు.

గార్డు పీకేశాక అత్తయ్య ముందు మా ఇంటికే ఫోన్ చేసింది. రెండు ముక్కలు మాట్లాడి, 'ఉండు, నేనే కట్ చేస్తా' అని ఠక్కున పెట్టేసింది.