తొలి యంత్రమునకు ముందు

వేప్ అని వాడుకలో నున్న ఇ-సిగరెట్టును క్రొత్తగా కొనదలచువాడు ఏ యంత్రమును ఎన్నుకొనవలెనను ప్రశ్న నేడు నగర యువకుల నడుమ చర్చనీయమైనది. కొన్నాళ్లు పీల్చి పాఱవేయునది మేలా, పాడ్ మార్చుకొనునది మేలా, తొట్టిలో ద్రవమును తామే నింపుకొనునది మేలా యని, చేతిగడియారమును బేరమాడునంత నిశ్చింతగా విచారించుచున్నారు. మా సమాధానము క్లుప్తము: ఏదియు వలదు. అయినను చదువుకొన్న యువకునికి హేతువు చూపక వలదని శాసించిన ప్రయోజనముండదు. కావున అతడడిగిన ప్రశ్ననే గైకొని, దాని తుది వఱకు నడచి చూతము.

ఈ విషయమున మా దృష్టి అమీర్‌పేటపై నిలుచుటకు కారణము కలదు. మైత్రీవనము పరిసరములందలి కంప్యూటరు శిక్షణాలయములకును, వాని చెంత వెలసిన హాస్టళ్లకును రెండు తెలుగు రాష్ట్రముల జిల్లాలనుండి యువజనులు వచ్చి చేరుచున్నారు. పంట అమ్మిన సొమ్ములో కొంత నెలనెల పంపు తలిదండ్రులు వీరిలో పలువురి వెనుక కలరు. పరీక్ష, ఉద్యోగము, అప్పు అను మూడు చింతలు; ఇరుకు గది; రాత్రి మేలుకొనుట. పొగత్రాగు అలవాటు మొలకెత్తుటకు ఇంతకు మించిన నేల అక్కఱలేదు. సిగరెట్టు వాసన మనిషిని పట్టియిచ్చును. ఈ యంత్రము పట్టియీయదు. మామిడి, పుదీన సువాసనలు విడుచును. చొక్కాజేబులో కలమువలె ఇముడును. ఇచ్చటినుండి మెట్రో రైలులో ఒక్క స్టేషను దాటిన పంజాగుట్టయందు నిమ్స్ వైద్యశాల. రెండవ దిక్కున మూడు స్టేషనులు దాటిన ఎఱ్ఱగడ్డయందు ప్రభుత్వ ఛాతీ వైద్యశాల. జీవితమారంభించు పేటకు, ఊపిరికై పెనుగులాడువారుండు శయ్యలకు నడుమనున్న దూరమింతియే.

ఇక యంత్రమును విప్పి చూతము. ఒక బ్యాటరీ, ఒక లోహపు తీగచుట్ట, ద్రవమును పీల్చు దూది, ఆ ద్రవము: ఇంతే దాని శరీరము. ద్రవములో ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిసరిను, సువాసన ద్రవ్యములు, నికొటిను ఉండును. తీగ వేడెక్కగా ద్రవము సన్నని తుంపరగా మారి ఊపిరితిత్తులలోనికి పోవును. 2003వ సంవత్సరమున హాన్ లిక్ అను చైనా దేశపు ఔషధ నిపుణుడు దీనికి నేటి రూపమును కల్పించెను. ఇది వట్టి నీటి ఆవిరి యనుట కల్ల. వేడి హెచ్చిన కొలది ఫార్మాల్డిహైడు వంటి విషములు పుట్టుట, తీగనుండి నికెలు, క్రోమియము వంటి లోహముల కణములు తుంపరలో చేరుట శాస్త్రజ్ఞులు కనుగొనిరి. ఇక నికొటిను సంగతి ప్రకాశము, గోదావరి మండలముల రైతులకు మేము చెప్పవలసిన పనిలేదు. అది వారి పొగాకు ఆకులోని సారమే.

క్రొత్తవానికి అనువైనదని అమ్మకపువారు చూపు యంత్రము ఎట్టిది? మీటలు లేనిది, నింపు శ్రమ లేనిది, గొంతును మండింపనిది. ఈ మూడవ గుణమునందే మోసమున్నది. సాధారణ నికొటిను మోతాదు హెచ్చిన గొంతు మండును; ఆ మంటయే క్రొత్తవానిని హెచ్చరించును. ఆమ్లముతో కలిపి చేసిన నికొటిను లవణమునకు ఆ మంట తక్కువ. అందుచేత మోతాదు పెరిగినను పీల్చువానికి తెలియదు. యూరోపు సంఘపు దేశములలో ఒక మిల్లీలీటరు ద్రవమున 20 మిల్లీగ్రాములకు మించి నికొటిను ఉండరాదని నియమము కలదు. అమెరికాలో పేరు మోసిన జూల్ అను సరకు నూటికి 5 పాళ్ల బలముతో, అనగా ఆ మితికి దాదాపు మూడు రెట్లతో, అమ్ముడుపోయెను. పైగా సిగరెట్టుకు ఒక తుది కలదు, కాలి ముగియును. ఈ యంత్రమునకు అట్టి హద్దు లేదు. చదువు బల్లకడ, మంచముపై, స్నానపుగదిలో దినమెల్ల పీల్చవచ్చును. ప్రారంభకునకు సులభమనబడునదే ప్రారంభకుని త్వరగా బానిసను చేయునది. ఇరువది యైదేండ్ల వఱకు మెదడు పరిణతి పొందుచుండునని వైద్యులు చెప్పుచుండగా, ఆ వయసునకు లోబడినవారికే ఈ వలను పన్నుట యెంత దారుణము!

శాసనమేమని పలుకుచున్నది? కేంద్ర ప్రభుత్వము 2019 సెప్టెంబరు 18వ తేదీన అత్యవసర ఆజ్ఞ మూలమున ఇ-సిగరెట్లను నిషేధించెను. అదే సంవత్సరము డిసెంబరులో అది పార్లమెంటు చేసిన శాసనమయ్యెను. ఉత్పత్తి, దిగుమతి, రవాణా, విక్రయము, పంపిణీ, నిలువ, ప్రకటన: అన్నియు నేరములే. తొలి నేరమునకు ఏడాది వఱకు ఖైదు, లేక లక్ష రూపాయల వఱకు జుల్మానా, లేక రెండును. తిరిగి చేసినచో మూడేండ్ల వఱకు ఖైదు, అయిదు లక్షల వఱకు జుల్మానా. నిలువయుంచినవారికి ఆరు నెలల వఱకు ఖైదు, లేక ఏబదివేల వఱకు జుల్మానా, లేక రెండును. పీల్చుటను మాత్రము శాసనము నేరముగా పేర్కొనలేదు. అమెరికానుండి వచ్చు బంధువు ముచ్చటగా తెచ్చు కానుకయు దిగుమతి నిషేధమునకు లోబడినదే యని ప్రవాస కుటుంబములవారు గుర్తింతురు గాక.

నిషిద్ధమైన సరకును కొనుటలో శాసనభయమునకన్న పెద్ద భయము వేఱొకటి కలదు. అట్టి సరకునకు జవాబుదారి యెవడును లేడు. డబ్బాపై వ్రాసిన మోతాదు నిజమా కాదా యని పరీక్షించు అధికారి లేడు. కొన్నచోట మరునాడు అడుగుటకు అంగడియే యుండకపోవచ్చును. ఇది ఊహామాత్రము కాదు. 2019లో అమెరికాలో ఇట్టి యంత్రములను పీల్చినవారిలో ఊపిరితిత్తుల విపత్తు ఒకటి వ్యాపించెను. 2020 ఫిబ్రవరి నాటికి 2,807 మంది రోగులు లెక్కకు వచ్చిరి. 68 మంది మరణించిరి. విచారింపగా దోషము ముఖ్యముగా గంజాయి సారము గల ద్రవములో కలిపిన విటమిను ఇ ఎసిటేటు అను నూనెవంటి పదార్థముదని తేలెను. ఆ ద్రవములలో పెక్కు అంగీకృతమైన అంగళ్లనుండి గాక, చేతులు మారి వచ్చినవి. కావున ఏ యంత్రము మంచిదను ప్రశ్నకు ఈ దేశమున ఉత్తరువుండజాలదు. పేరెన్నికగన్న ముద్రయైనను, దానిలోపల నున్నదేమో అమ్మువాడును ఎఱుగడు.

ఇచట ప్రతిపక్షుల వాదమును మేము దాచుటలేదు. బ్రిటనులో వైద్యులు పొగత్రాగువారికి సిగరెట్టునకు మాఱుగా దీనిని సూచించుచున్నారు. 2016లో లండను రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ ఈ మార్గమును బలపఱచినది. సిగరెట్టు మానుటకు నికొటిను జిగురుబిళ్లలకన్న ఇది హెచ్చుగా తోడ్పడినదని కొక్రేను సమీక్షయు తేల్చినది. మన దేశమున పొగాకువలన ఏటేట పదుమూడు లక్షలకు మించిన ప్రాణములు పోవుచుండ, సిగరెట్టును ప్రతి కిళ్లీకొట్టున అమ్మనిచ్చి దీనిని మాత్రము నిషేధించుట విపరీతము కాదా యని వారడుగుచున్నారు. ఈ ప్రశ్నలో బలము కలదు. కాని బ్రిటనునందలి యంత్రము మోతాదునకు హద్దు గలది, సర్కారు లెక్కలో నమోదైనది, పదునెనిమిదేండ్లు నిండనివారికి అమ్మరానిది. అయినను అచట పిల్లలకు ప్రాకినందున, 2025 జూను 1 నుండి ఒకమారు వాడి పాఱవేయు యంత్రముల విక్రయమును నిషేధింపవలసివచ్చెను. అది సిగరెట్టు మానదలచినవానికి చెప్పిన ఉపాయము; ఎన్నడును త్రాగని యువకునికి చెప్పిన ఉపదేశము కాదు. మన పేటలో తొలి యంత్రమును వెదకువాడు ఈ రెంటిలో ఎవ్వడో తన్ను తానే ప్రశ్నించుకొనవలెను.

అయితే సిగరెట్టును నిజముగా మానదలచినవానికి మన ప్రభుత్వములు ఏమి చూపుచున్నవి? నిషేధముతో పని ముగిసినదనుకొనుట తగదు. 1800-11-2356 అను ఉచిత టెలిఫోను సంఖ్య మూలమున మానుటకు సలహా లభించును. ఆ సంఖ్య సిగరెట్టు పెట్టెలపైననే అచ్చయియున్నను దానిని చదువువారెందఱు? నికొటిను జిగురుబిళ్లలు ఔషధశాలలందు దొరకును. వైద్యుని సలహాతో వాడుట మేలు. ఈ మార్గములను శిక్షణాలయముల గోడలపైనను, హాస్టళ్లలోనను తెలుగున ప్రకటించుట ఎంత ఖర్చు? తెలంగాణ శాసనసభ 2024 ఫిబ్రవరిలో హుక్కా కేంద్రములను నిషేధించుచు బిల్లును ఆమోదించినది. ఆ దీక్షయే ఇచటను కనబడవలెను. పోలీసువారు విద్యార్థి జేబు తడవుటకు మాఱుగా, సరకు నిలువలను, తెప్పించు వర్తకులను పట్టుకొందురు గాక. సబ్‌ఇన్‌స్పెక్టరు మొదలు పై అధికారులకు శోధించు అధికారమును శాసనమే ఇచ్చినది. భయపడిన విద్యార్థి దాగుకొనును. దాగినవాడు వైద్యునికడకు పోడు.

తలిదండ్రులకు ఒక్క మనవి. సొమ్ము పంపుటతో పాటు నెలకొకమారైనను బిడ్డ ఉండు గదిని చూచి రండు. దొరికిన యంత్రమును పగులగొట్టి కేకలు వేయుటకన్న, ఎన్నాళ్లనుండి, ఎన్నిమార్లు, ఏ చింత కలిగినప్పుడు అని శాంతముగా అడుగుట ఫలించును. యువకులకును ఒక్క మాట. అమీర్‌పేటకు మీరు వచ్చినది స్వతంత్రముగా బ్రతుకుటకు వలయు విద్యకై. జేబులోని చిన్న యంత్రమునకు గంటగంటకు లోబడుట ఆ స్వాతంత్ర్యమునకే విరోధము. తొలి యంత్రమును కొననివానికి రెండవదానిని మానవలసిన కష్టము లేదు.