దానియేలుకి రికార్డులో ఉన్న పేరు

పోయిన వారం పోస్టు చదివి, మైలవరంలో ఇంజనీరింగ్ చదువుతున్న ఒక తమ్ముడు ఇన్‌బాక్సులో అడిగాడు. "అన్నా, ఆదివారం మందిరంలో డ్రమ్స్ వాయిస్తాను. కాలేజీ ఫారంలో మతం దగ్గర హిందూ అని రాస్తాను. మా పాస్టరు గారు పేతురు బొంకిన సంగతి చెప్పినప్పుడల్లా నన్నే చూస్తున్నట్టు ఉంటది. నేను విశ్వాసంలో ఉన్నట్టా, లేనట్టా?"

ఇది వాడొక్కడి ప్రశ్న కాదు. మైలవరం నుంచి నూజివీడు దాకా ఈ మామిడితోటల మధ్య ఏ మాలపల్లెకి, ఏ మాదిగపల్లెకి వెళ్లినా ఇదే. సర్టిఫికెట్లో వెంకటేశ్వరరావు, మందిరంలో యోహాను. అమ్మ పిలిచేది ఇంకో పేరుతో. విశ్వాసంలో నిలబడటం మీద మనవాళ్లు వినే ప్రసంగాలన్నీ సినిమా, బొట్టు, ప్రసాదం, సెల్‌ఫోన్ చుట్టూ తిరుగుతాయి. ఫోన్ గురించి చెప్పేది కొంత నిజమేలెండి, ఆ ప్రసంగం క్లిప్పు కూడా ఫోన్లోనే వస్తుందనుకోండి. కానీ పిల్లల గుండెల్లో ముల్లులా దిగింది సినిమా కాదు, ఫారంలో ఆ గడి.

ఆ గడి ఎక్కడినుంచి వచ్చిందో ముందు తెలుసుకోండి. 1950 ఆగస్టు 10న రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. దాని మూడో పేరా, హిందువు కానివాడు షెడ్యూల్డ్ కులస్తుడు కాడంది. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని కలిపారు. మనల్ని కలపలేదు. మన రాష్ట్రంలో క్రైస్తవుడినని రాసుకున్న దళితుడు బీసీ-సి అవుతాడు, వాటా 1 శాతం. 1977లో వచ్చిన జీవో 341 వల్ల స్కాలర్‌షిప్పు, హాస్టలు లాంటివి అందుతాయి. ఎస్సీ ఉద్యోగం, రిజర్వుడు సీటు, అట్రాసిటీ చట్టం మాత్రం అందవు. అదే ఒక రెడ్డి క్యాథలిక్కో, కమ్మ క్యాథలిక్కో ఉన్నాడనుకోండి. అతను మతం కాలమ్‌లో నిజం రాస్తే పోయేదేమీ లేదు. 2019లో వచ్చిన 10 శాతం ఈడబ్ల్యూఎస్ కోటాకి కూడా మతం అడ్డం రాదు. నిజం చెప్పినందుకు జరిమానా పల్లెకి మాత్రమే.

కులం ఏమైనా బాప్తిస్మం తొట్టిలో కరిగిపోయిందా? 1985లో కారంచేడులో ఆరుగురిని చంపినవాళ్లు, 1991లో చుండూరులో ఎనిమిది మందిని చంపినవాళ్లు చర్చి రిజిస్టరు తిప్పి చూశారా? చుండూరు నుంచి పారిపోయి వచ్చిన మనవాళ్లు తలదాచుకుంది తెనాలి సాల్వేషన్ ఆర్మీ ఆవరణలో. కొట్టడానికి కులం ఉంది, కేసు పెట్టడానికి వచ్చేసరికి మతం అడ్డొచ్చింది. 2025 ఏప్రిల్ 30న మన హైకోర్టు ఇచ్చిన తీర్పు కూడా అదే చెప్పింది. గుంటూరు జిల్లాకి చెందిన ఒక పాస్టరు కులం పేరుతో తిట్టి కొట్టారని కేసు పెడితే, మతం మారినవాడికి ఆ చట్టం వర్తించదని కొట్టేసింది. 2024 నవంబరు 26న పుదుచ్చేరి అమ్మాయి కేసులో సుప్రీంకోర్టు ఇంకా ముందుకెళ్లి, నమ్మకం లేకుండా ఉద్యోగం కోసం హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్నే మోసం చేయడమంది. కాబట్టి తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఈ కాగితంతో రిస్కు లేదని నేను చెప్పను. తెలిసి నడవండి.

ఇక పాస్టరు గారి పేతురు దగ్గరికి వద్దాం. నాకైతే ఇక్కడ గుర్తొచ్చేది దానియేలు. బబులోను కొలువులోకి తీసుకున్నప్పుడు అతనికి బెల్తెషాజరు అని పేరు పెట్టారు. రాజు రికార్డులో ఆ పేరే. ఆ పేరుతోనే చదువుకున్నాడు, ఉద్యోగం చేశాడు. పేరు కోసం అతను గొడవ పడినట్టు ఎక్కడా లేదు. రాజు భోజనం దగ్గర మాత్రం నాకొద్దన్నాడు. ప్రార్థన నిషేధించినప్పుడు యెరూషలేము వైపు కిటికీలు తెరిచి రోజుకి మూడుసార్లు మోకరించాడు. ఆ పేరు వాళ్లు పెట్టారు, ఈ గడి మనమే నింపుతున్నాం కదా అంటారు. నిజమే, నింపేది మనమే. కానీ ఒక గడి నింపితే చదువు, ఇంకో గడి నింపితే కూలి అని గీత గీసింది మనం కాదు. ఆ అబద్ధంలో పెద్ద వాటా ఉత్తర్వుదే. పద్దెనిమిదేళ్ల పిల్లాడిని పేతురంటే నేను ఒప్పుకోను.

అలాగని విశ్వాసానికి పరీక్షే లేదనడం లేదు. ఎక్కడ ఉందో మన ముత్తాతలకి తెలుసు. 1860ల్లో ఒంగోలు ప్రాంతంలో ఎర్రగుంట్ల పేరయ్య వెంట క్రీస్తుని నమ్మిన మాదిగలు మూడు మాటలు ఖాయం చేసుకున్నారు. ఆదివారం పని చేయం, జాతరకి డప్పు కొట్టం, చచ్చిన గొడ్డుని తినం. మొదటిదానికే ఊరు మండిపడింది, ఎందుకంటే వెట్టివాడు ఒకరోజు నాదన్నాడు. దొర జాన్ క్లౌ పేరే పుస్తకాల్లో నిలిచింది గానీ, కూలి పోగొట్టుకుని, దెబ్బలు తిని నిలబడింది వీళ్లు. అది విశ్రాంతి దినం ఆచారమే కాదు, తెలుగునేల మీద కూలివాడి తొలి సెలవు పోరాటాల్లో ఒకటి కూడా.

ఇప్పుడు మామిడి సీజనులో చూడండి. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఆదివారం తెల్లవారుజామునే మేస్త్రీ ఫోన్ వస్తుంది. బంగినపల్లి ఆగదు, లారీ నున్న మార్కెట్‌కి వెళ్లాలి. చిక్కం పట్టి కాయ దింపేది మగవాళ్లు, ఏరి గడ్డి పరిచి పెట్టెల్లో పేర్చేది ఆడవాళ్లు. ఆరాధనకి ముందు వరసలు ఖాళీ. పైగా "ఆదివారం కూలికి పోయేవాళ్లు" అని మైకులో దెప్పుడు! రాలేదని కూలిని తిట్టడం తేలిక. ఆదివారం పూట రెండు గంటలు పని ఆపమని తోట గుత్తకి తీసుకున్న వ్యాపారిని అడగటానికి సంఘమంతా కలిసి వెళ్లిందా? వెళ్లలేకపోతే సాయంత్రం ఆరాధన పెట్టండి, అలిసిపోయి వచ్చే అక్కల కోసం.

రెండోది పెళ్లి. ప్రభువు బల్ల దగ్గర ఒకే రొట్టె తింటాం. సంబంధాల దగ్గరికొచ్చేసరికి పాస్టరు గారే మాలా, మాదిగా అని అడుగుతారు. వాట్సాప్ గ్రూపుల్లో "క్రైస్తవ సంబంధాలు" అని పెట్టి కింద కులం రాస్తారు. ఫారంలో కులం రాసింది తహసీల్దారు అడిగాడు కాబట్టి. ఇక్కడ ఎవరడిగారు? ఫారం నింపిన పిల్లాడిని నిలదీసే సంఘం, ఈ గడిని తన చేత్తో తానే గీసుకుంది. నా లెక్కలో రాజు భోజనం ఇదే, వద్దనాల్సింది దీన్నే.

మూడో పేరా తీసేయమని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే చెప్పింది. 2022 అక్టోబరులో బాలకృష్ణన్ కమిషన్ వేశారు. 2023 మార్చి 24న మన అసెంబ్లీ తీర్మానం చేసి పంపింది. తీర్మానం కాపీ ప్రింటు తీసి మీ మందిరంలో పాస్టరు గారి చేతికివ్వండి, క్రిస్మస్‌కి వచ్చి కేకు కోసే నాయకుడి చేతికి కూడా. ఏం జవాబిచ్చారో నాకు రాయండి. వచ్చే వారం జీవో 341 కింద స్కాలర్‌షిప్పు ఆగిపోయినవాళ్ల గురించి రాస్తాను, కాగితాలు ఉన్నవాళ్లు పేరు కొట్టేసి ఫోటో పంపండి.

జై భీమ్.