శిక్ష ముగిశాక కూడా కంచం లాగేసే చట్టం

అమెరికాలో ఒక మనిషి హత్య చేశాడు. కోర్టు వేసిన శిక్ష పూర్తిగా అనుభవించి జైలు నుంచి బయటికొచ్చాడు. చేతిలో పని లేదు, ఇంట్లో గింజ లేదు. ప్రభుత్వం పేదలకిచ్చే ఆహార సహాయానికి దరఖాస్తు పెట్టుకుంటే, మిగతా అర్హతలన్నీ ఉంటే, అతనికి అది దొరుకుతుంది. దొరకాలి కూడా. అదే రోజు ఇంకో జైలు నుంచి ఒక స్త్రీ బయటికొచ్చింది. కొద్దిపాటి కొకైన్ దగ్గర పెట్టుకుందన్నది ఆమె నేరం. అక్కడి చట్టం దాన్ని ఫెలనీ, అంటే పెద్ద నేరాల జాబితాలో వేసింది. 1996 నాటి సమాఖ్య చట్టాన్ని ఉన్నదున్నట్టు అమలు చేస్తే ఆమెకు ఆ ఆహార సహాయం బతికున్నంతకాలం లేదు. పిల్లలతో ఉన్న పేద కుటుంబాలకిచ్చే నగదు సహాయమూ లేదు.

ఇది ఎక్కడో మూలన పడి ఉన్న నిబంధన అనుకోకండి. 1996 ఆగస్టు 22న అధ్యక్షుడు బిల్ క్లింటన్ సంతకం చేసిన సంక్షేమ సంస్కరణ చట్టంలో 115వ సెక్షను ఇది. టెక్సాస్ సెనేటర్ ఫిల్ గ్రామ్ సవరణగా తెచ్చాడు. సెనేట్‌లో దాని మీద జరిగిన చర్చ రెండు నిమిషాలు. ఆ కొద్ది సమయంలోనే మసాచుసెట్స్ సెనేటర్ ఎడ్వర్డ్ కెన్నెడీ లేచి, హంతకుడికీ దోపిడీదారుకీ లేని నిషేధం మత్తుపదార్థాల కేసువాళ్ళకు మాత్రం ఏమిటని అడిగాడు. జవాబు రాలేదు, సవరణ మాత్రం గట్టెక్కింది. మన గ్రామ పంచాయతీలో వీధి దీపం ఎక్కడ వెయ్యాలన్న దాని మీద ఇంతకంటే ఎక్కువసేపు మాట్లాడుకుంటాం.

ఆ ప్రశ్న ఇప్పటికీ అలాగే ఉంది. 2014లో అమెరికా వ్యవసాయ చట్టంలో హత్య, లైంగిక దాడి లాంటి ఘోర నేరాలకు కూడా ఆహార సహాయం ఆపే నిబంధన ఒకటి చేర్చారు. అయితే అది శిక్ష షరతులు పాటించకుండా తప్పించుకు తిరిగేవాళ్ళకే. షరతులు పాటించినవాడికి అడ్డు లేదు. మత్తు కేసులో మాత్రం అన్నీ పాటించినా, రోజు తప్పకుండా అధికారి ముందు నిలబడినా, సమాఖ్య చట్టం ప్రకారం నిషేధం నిషేధమే.

ఇంట్లో ఇది పనిచేసే తీరు చూస్తే కడుపు మండుతుంది. ఒక తల్లి, ఇద్దరు పిల్లలు. తల్లికి పాత మత్తు కేసు ఉంది. పిల్లలకు సహాయం ఆపలేదు కదా అని చట్టాన్ని సమర్థించేవాళ్ళు అంటారు. నిజమే, పిల్లల పేర్లు కొట్టెయ్యరు. కానీ సహాయం లెక్క కట్టేటప్పుడు ఆ ఇంట్లో ముగ్గురికి బదులు ఇద్దరే ఉన్నట్టు రాస్తారు. తల్లి ఎక్కడో గిన్నెలు కడిగి తెచ్చిన జీతాన్ని మాత్రం పైసా వదలకుండా ఆ ఇంటి ఆదాయంలో కలుపుతారు. సంపాదించడానికి ఆమె ఆ ఇంటి మనిషి, తినడానికి కాదు. ఇద్దరికి వచ్చిన తిండిని ముగ్గురు తినాలి. పిల్లల ముందు కంచం పెట్టి తాను పస్తుండే తల్లి ఎలా ఉంటుందో మన ఇళ్ళలో చూడనివాళ్ళు ఎవరు?

ఇంతా చేసి ఆ సహాయం ఎంత? 2024 అక్టోబరు నుంచి ఏడాది పాటు ఒంటరి మనిషికి నెలకు అత్యధికంగా 292 డాలర్లు. రోజుకు పది డాలర్లు కూడా రాదు. అది కార్డు మీద వస్తుంది, తిండి సరుకులకే పనికొస్తుంది. దానితో సారాయి కొనలేరు, సిగరెట్టు కొనలేరు, సబ్బుబిళ్ళ కూడా కొనలేరు.

ఈ నిషేధాన్ని సమర్థించేవాళ్ళ వాదనల్లో మొదటిది ఆ కార్డు గురించే. కార్డు అమ్ముకుని మత్తు కొంటారట. కొందరు అలా చేస్తారనే అనుకుందాం. దానికి అమెరికాలో వేరే శిక్ష ఎప్పటినుంచో ఉంది. ఆహార సహాయాన్ని మత్తుపదార్థాలకు మార్చుకున్నారని కోర్టు తేలిస్తే మొదటిసారి రెండేళ్ళు, రెండోసారి శాశ్వతంగా సహాయం ఆపుతారు. అంటే కార్డును నిజంగా అమ్ముకున్నవాడికి మొదట రెండేళ్ళే. కార్డు ముఖమే చూడనివాడికి, పాత కేసు ఉన్న పాపానికి, జీవితాంతం. ఈ లెక్క ఎవరైనా సమర్థించి చూపించండి.

రెండో వాదన భయం గురించి. ఇలాంటి శిక్ష ఉందంటే జనం మత్తు జోలికి పోరని. ఫ్లోరిడా రాష్ట్రం దీనికి జవాబు చెప్పింది, తాను అనుకోకుండానే. అక్కడ మత్తుపదార్థాల రవాణా కేసులకు ఈ నిషేధం ఉంచారు. చట్టం తేదీకి ముందు నేరం చేసినవారికి నిషేధం లేదు, తర్వాత చేసినవారికి ఉంది. నేరం ఒకటే, రాష్ట్రం ఒకటే, తేడా కొద్ది రోజులు. ఆర్థికవేత్త కోడీ టటిల్ ఈ రెండు గుంపులనూ పోల్చి 2019లో అధ్యయనం ప్రచురించాడు. నిషేధం పడినవాళ్ళు మళ్ళీ జైలుకు వెళ్ళే అవకాశం సుమారు 9.5 శాతం పాయింట్లు పెరిగింది. పెరిగింది ఏ నేరాలయ్యా అంటే, ముఖ్యంగా డబ్బు కోసం చేసేవి. తిండి ఆపితే మనిషి ఏం చేస్తాడో తెలుసుకోవడానికి ఇంత అధ్యయనం అవసరమా అని మా అమ్మలాంటివాళ్ళు అడుగుతారు. అవసరమే. శాసనసభల్లో కూర్చునేవాళ్ళు అమ్మ మాట వినరు, అంకెలు చూపిస్తే ఒకరో ఇద్దరో వింటారు.

మూడోది, నా దృష్టిలో అన్నిటికంటే అన్యాయమైనది. మత్తు నుంచి బయటపడాలని చికిత్సా కేంద్రంలో చేరినవాళ్ళ సంగతి. అమెరికాలో ఇలాంటి కేంద్రాల్లో ఉండేవాళ్ళ ఆహార సహాయాన్ని వాళ్ళ తరఫున కేంద్రమే తీసుకుని వంట ఖర్చులకు వాడుకునే ఏర్పాటు ఉంది. నిషేధం ఉన్న మనిషి చేరితే ఆ డబ్బు రాదు. అంటే మారాలనుకుని వచ్చిన మనిషి ఆ కేంద్రానికి బరువైపోతాడు. మారు, మారు అని ఒక చేత్తో పిలిచి రెండో చేత్తో తలుపు వెయ్యడం ఇది.

ఈ కోపం తిండితో ఆగలేదు. 1998లో విద్యార్థుల ఆర్థిక సహాయానికి ఇలాంటి అడ్డే పెట్టారు. దాన్ని తీసెయ్యడానికి 2020 డిసెంబరు దాకా పట్టింది. ప్రభుత్వ గృహాల సంగతి మరీ దారుణం. కాలిఫోర్నియాలోని ఓక్లాండ్‌లో కొందరు వృద్ధులను ఇళ్ళు ఖాళీ చెయ్యమన్నారు. వాళ్ళెవరూ మత్తు ముట్టలేదు. ఇద్దరి మనవలు కారు పార్కింగు దగ్గర గంజాయి తాగారు. నడవలేని ఒక ముసలాయన దగ్గర సేవ చేసే మనిషి వద్ద కొకైన్ దొరికింది. ఇంట్లోవాళ్ళూ వచ్చిపోయేవాళ్ళూ చేసినది ఇంటి యజమానికి తెలిసినా తెలియకపోయినా ఖాళీ చేయించవచ్చని అమెరికా సుప్రీంకోర్టు 2002లో తీర్పు చెప్పింది. మనవడి బీడీకి నాయనమ్మ వీధిన పడాలన్నమాట.

ఆ దేశానికి ఒక్క మంచిమాట చెప్పాలి. 1996 చట్టమే రాష్ట్రాలకు ఒక తలుపు తెరిచి ఉంచింది. శాసనసభ విడిగా చట్టం చేస్తే ఆ రాష్ట్రం నిషేధాన్ని తీసెయ్యవచ్చు, మెత్తబరచవచ్చు. చాలా రాష్ట్రాలు ఆ తలుపులోంచి బయటికొచ్చాయి. కాలిఫోర్నియా 2015లో ఎత్తేసింది. మిసిసిపీ లాంటి కఠినమైన రాష్ట్రం కూడా 2019లో ఎత్తేసింది. టెక్సాస్ 2015లో సగం దారి నడిచింది. ఆహార సహాయంలో జీవితకాల నిషేధాన్ని పూర్తిగా పట్టుకుని వేలాడిన చివరి రాష్ట్రంగా సౌత్ కరోలినా మిగిలింది. నగదు సహాయంలో మాత్రం ఇంకొన్ని రాష్ట్రాలు మొండిగానే ఉన్నాయి. 2013లో సెంటెన్సింగ్ ప్రాజెక్ట్ అనే సంస్థ లెక్కగడితే, పూర్తి నగదు నిషేధం ఉన్న 12 రాష్ట్రాల్లో దాని నీడ పడగల స్త్రీలు సుమారు 1,80,000 మంది. కొన్ని చోట్ల నిషేధం తీసి, దాని బదులు మూత్ర పరీక్షలూ చికిత్స షరతులూ పెట్టారు. సరిహద్దు రాయి దాటితే మనిషి హక్కు మారిపోవడం ఎలా ఉంటుందో బళ్ళారిలో, హోసూరులో, రాయగడలో, యానాంలో బతికే మనకు ఎవరూ నేర్పక్కర్లేదు.

అమెరికా గోల మనకెందుకు అనేవాళ్ళకు ఇప్పుడు చెబుతాను. గంజాయి కేసుల్లో దొరికినవాళ్ళ ఇళ్ళకు సంక్షేమ పథకాలు ఆపేస్తామన్న మాట ఈమధ్య ఆంధ్రప్రదేశ్‌లో అధికార వేదికల మీద నుంచే వినిపించింది. జనం చప్పట్లు కొట్టారు. అమెరికా 1996లో ఎత్తుకున్న పల్లవి ఇదే. అక్కడ ఒక్కో రాష్ట్రమూ దించుకుంటున్న బరువును మనం నెత్తికెత్తుకోబోతున్నాం. అక్కడ కనీసం కోర్టులో నేరం రుజువైనవాడి వాటాయే ఆపారు. ఇక్కడ ఆపుతామంటున్నది ఇల్లు మొత్తానికి.

మల్కన్‌గిరి, కోరాపుట్ కొండల్లో, వాటిని ఆనుకున్న అల్లూరి సీతారామరాజు జిల్లా మన్యంలో ఈ కేసుల్లో చిక్కేది ఎక్కువగా ఎవరు? మూట మోసినవాడు, ఆటో తోలినవాడు. పెట్టుబడి పెట్టినవాడు ఊళ్ళోనే ఉండడు. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం ప్రకారం 20 కిలోలు మించిన గంజాయితో పట్టుబడితే కనీసం పదేళ్ళు, గరిష్ఠంగా ఇరవై ఏళ్ళ కఠిన కారాగారం, పైన కనీసం లక్ష జరిమానా. అంత పరిమాణం కేసులో బెయిలు దొరకడమే కష్టం. ఆ ఇంటికి సంపాదించే చెయ్యి అప్పటికే పోయింది. ఇంకా ఏం మిగిలిందని పథకాలు కూడా ఆపుతారు?

ఇంకో సంగతి. 2013 జాతీయ ఆహార భద్రతా చట్టం మనిషికి నెలకు 5 కిలోల ధాన్యం ఇమ్మంది. ఇంట్లో పద్దెనిమిదేళ్ళు నిండిన స్త్రీలలో పెద్దావిడను కార్డుకు యజమానురాలిగా రాయమంది. ఇంట్లో ఫలానా కేసు ఉంటే బియ్యం ఆపమని ఆ చట్టంలో ఎక్కడా లేదు. కాబట్టి కొడుకు మీద కోపంతో ఎవరైనా కార్డు కొట్టేస్తే, ఆ దెబ్బ తగిలేది కార్డు మీద పేరున్న తల్లికి. ఎన్‌డీపీఎస్ చట్టంలోనే 64ఏ సెక్షను ఉంది: మత్తుకు బానిసైనవాడు తక్కువ పరిమాణం కేసులో తనంతట తాను చికిత్సకు వస్తే విచారణ నుంచి రక్షణ దొరుకుతుంది. మన చట్టానికి ఆ మాత్రం దయ తెలుసు. దాన్ని ఎంతమందికి చెప్పాం?

మత్తును తేలికగా చూడమని నేననడం లేదు. గంజాయి, సారాయి ఇళ్ళను ఎలా తినేస్తాయో మన సంఘాల్లోని తల్లులకు తెలిసినంతగా ఏ మంత్రికీ తెలియదు. పట్టుకోండి, విచారించండి, శిక్షించండి. కానీ శిక్షకు కొలత ఉండాలి. ద్వితీయోపదేశకాండం దోషికి వేసే దెబ్బలకు నలభై అని హద్దు కట్టింది. హద్దు మీరితే ఆ సహోదరుడు తోటివాళ్ళ కళ్ళలో చులకనైపోతాడన్నది అక్కడ చెప్పిన కారణం. శిక్ష పడ్డాక కూడా అతన్ని సహోదరుడనే పిలిచారని గమనించండి. అమెరికాలో బ్రెడ్ ఫర్ ది వరల్డ్ లాంటి క్రైస్తవ సంస్థలు జైలుకూ ఆకలికీ ఉన్న ముడిని గురించి మాట్లాడుతున్నాయి. ఇక్కడ మన సంఘాలు చాలావరకు మౌనంగా ఉన్నాయి. జైలు పరిచర్యకు వెళ్ళి పాటలు పాడి వస్తాం, ఆ ఖైదీ ఇంటి పొయ్యి వెలిగిందా అని అడగం.

అడగడానికి దారులున్నాయి. ఆహార భద్రతా చట్టం 15వ సెక్షను ప్రకారం జిల్లాకో ఫిర్యాదుల పరిష్కార అధికారి ఉండాలి. 16వ సెక్షను ప్రకారం రాష్ట్రానికో ఆహార కమిషన్ ఉండాలి. మీరు కర్ణాటకలో ఉన్నా, తమిళనాడులో ఉన్నా, ఒడిశాలో ఉన్నా, మహారాష్ట్రలో ఉన్నా చట్టం ఇదే. మీ పేటలో ఎవరి ఇంటికైనా కేసు పేరు చెప్పి బియ్యం ఆపితే డీలరుతో గొడవ పెట్టుకోకండి, అతని చేతిలో ఏమీ లేదు. నలుగురు కలిసి, వీలైతే కాపరినీ వెంటబెట్టుకుని, పౌర సరఫరాల అధికారి దగ్గరికి వెళ్ళండి. ఏ చట్టం, ఏ సెక్షను ప్రకారం ఆపారో కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇమ్మనండి. ఆ కాగితాన్ని పట్టుకుని ఫిర్యాదు రాయండి. ఫిర్యాదు ఆ తల్లి పేరు మీదే ఉండాలి.