కాకి, తాటిపండు, టీకా

పిల్లలూ! ‘కాకతాళీయం’ అనే మాట మీ తెలుగు మాస్టారు చెప్పే ఉంటారు. కాకి వచ్చి తాటిచెట్టు మీద వాలింది. అదే క్షణాన పండు రాలింది. చూసినవాళ్లు కాకే పడగొట్టిందన్నారు. పండు ముగ్గి రాలే సమయం వచ్చిందని ఎవరూ ఆలోచించలేదు. ఈ మాటను మనం తెలుగు క్లాసులోనే వదిలేస్తున్నాం గాని, దీని అవసరం సైన్సు క్లాసులోనే ఎక్కువ. టీకాల మీద వాదులాట వచ్చినప్పుడు మరీనూ.

మీ ఈడు పిల్లల సంగతే ఒకటి చెబుతాను. 2009లో ఖమ్మం జిల్లాలోనూ, గుజరాత్‌లోని వడోదరలోనూ 10 నుంచి 14 ఏళ్ల బాలికలకు హెచ్.పి.వి. టీకా వేశారు. హెచ్.పి.వి. ఒక వైరస్. అది శరీరంలో ఏళ్ల తరబడి తిష్ఠ వేస్తే స్త్రీలకు గర్భాశయ ముఖద్వార కాన్సర్ రావచ్చు. 2020 అంచనాల ప్రకారం ఆ ఒక్క ఏడాదిలోనే ఈ కాన్సర్ మన దేశంలో 77,000 మందికి పైగా స్త్రీలను బలి తీసుకుంది. వైరస్ సోకక ముందే టీకా పడితే రక్షణ బాగా ఉంటుంది కనుక చిన్న వయసులోనే వేస్తారు.

రెండు చోట్లా కలిపి 24,000 మందికి పైగా బాలికలు టీకా వేయించుకున్నారు. ఆ తర్వాత వారిలో ఏడుగురు చనిపోయారు. ఇంకేముంది! టీకాయే వారిని పొట్టన పెట్టుకుందన్న మాట దేశమంతా పాకింది. 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆగిపోయింది.

విచారణలో తేలిందేమిటి? ఒకరు నీట మునిగి, ఒకరు పాము కరిచి, ఇద్దరు పురుగుమందు వల్ల, ఒకరు మలేరియాతో పోయారు. మిగిలిన ఇద్దరి విషయం అంత స్పష్టంగా తేలలేదు గాని, టీకాతో సంబంధం ఉండే అవకాశం తక్కువని నిపుణులు చెప్పారు. టీకా వేయించుకున్న పిల్లా కాదా అని చూసి పాము కరవదు కదా! అన్ని వేలమంది పిల్లలున్న చోట ఏడాదిలో కొందరు ఏదో ఒక కారణాన పోవడం, ఎంత బాధాకరమైనా, జరుగుతూనే ఉంది. కనుక వేయించుకున్నవారిలో ఎందరు, వేయించుకోనివారిలో ఎందరు అని పోల్చి చూడాలి. అలా పోల్చకుండా ‘తర్వాత’ను ‘వల్ల’గా మార్చేస్తే అది కాకి పడగొట్టిన తాటిపండే.

అయితే, ఆనాడు భయపడిన తల్లిదండ్రులను మూఢులని వెక్కిరించేవారితో నేను ఏకీభవించను. పిల్లకు సూది వేయాలంటే ఇంటివారి అనుమతి కావాలి. ఖమ్మం జిల్లాలో పరిశీలించిన 9,543 అనుమతి పత్రాల్లో 2,763 మీద సంతకాలు చేసింది హాస్టల్ వార్డెన్లు! 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం దీన్ని గట్టిగా తప్పుపట్టింది. ఇంటికి కబురైనా లేకుండా బిడ్డకు సూది వేస్తే, రేపు ఆ బిడ్డకు ఏం జరిగినా తల్లి దేన్ని అనుమానిస్తుంది? పుకారుకు నీరు పోసి పెంచింది కార్యక్రమం నడిపిన పెద్దలే.

కాని, టీకా మంచిదా? అడిగి వేశారా? ఇవి రెండు వేర్వేరు ప్రశ్నలు. రెండోదానికి జవాబు ‘లేదు’ కనుక మొదటిదానికీ ‘కాదు’ అని రాసేస్తే పరీక్షలో నేనైతే సున్నా వేస్తాను. 2018లో సిక్కిం ప్రభుత్వం ముందుగా తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు నచ్చజెప్పి, ఆ తర్వాతే బడుల్లో ఈ టీకా వేయించింది. అర్హులైన బాలికల్లో నూటికి 95 మందికి పైగా వేయించుకున్నారు.

మీ బడిలో అలాంటి అనుమతి పత్రం ఇస్తే ఇంటికి తీసుకువెళ్లి అమ్మకు, నాన్నకు చదివి వినిపించండి. టీకా వేసిన చోట నొప్పి, కొంచెం జ్వరం రావచ్చు. కొందరికి సూదిని చూస్తేనే కళ్లు తిరుగుతాయి, అందుకే కాసేపు కూర్చోబెడతారు. ఇవన్నీ ఆ కాగితంలో రాశారో లేదో చూడండి. రాయకపోతే సంతకానికి ముందే అడగండి.