ఇంటర్వ్యూలో ఈ ‘హావింగ్’ ఎందుకు?

మాక్ ఇంటర్వ్యూలో మీ గురించి చెప్పమనగానే మీలో చాలామంది ‘హావింగ్’తో మొదలుపెడతారు. "హావింగ్ కంప్లీటెడ్ మై బీటెక్, ఐ జాయిన్డ్ ఎ కంపెనీ. హావింగ్ వర్క్‌డ్ దేర్ ఫర్ టూ ఇయర్స్, ఐ రిజైన్డ్." వ్యాకరణం ప్రకారం తప్పేమీ లేదు. కానీ వినేవాళ్లకి అఫిడవిట్ చదువుతున్నట్టుంటుంది. పర్‌ఫెక్ట్ పార్టిసిపుల్ వాడితే భాష మీద పట్టు కనిపిస్తుందని ఎవరో నోట్స్‌లో రాసిచ్చారు, మీరు బట్టీ పట్టారు. ఆ సలహా తప్పు.

నోట్స్‌ని మాత్రమే అనడం కూడా న్యాయం కాదు. ఈ అలవాటు సగం మన తెలుగు నుంచే వచ్చింది. "డిగ్రీ చేసి, హైదరాబాద్ వచ్చి, రూమ్ తీసుకుని చదివాను" అంటాం. ఈ క్త్వార్థకం మనకి ఇంట్లో మాట, బడి మొహం చూడని అమ్మమ్మ కూడా అలాగే మాట్లాడుతుంది. ఇంగ్లిష్‌లో దానికి దగ్గరగా కనిపించేది ‘హావింగ్ డన్’. అది మాత్రం ఎక్కువగా కాగితం మీది మాట.

ఇంకో చిక్కుంది. క్త్వార్థకానికీ ప్రధాన క్రియకీ కర్త ఒకటే ఉండాలని మన వ్యాకరణమూ చెబుతుంది. అయినా "వాన కురిసి చెరువు నిండింది" అంటే ఎవరికీ తప్పనిపించదు. కురిసింది వాన, నిండింది చెరువు. ఇంగ్లిష్‌లో ఈ వెసులుబాటు లేదు. "హావింగ్ కంప్లీటెడ్ మై బీటెక్, మై ఫాదర్ సజెస్టెడ్ సివిల్స్" అన్నారంటే మీ బీటెక్ మీ నాన్నగారు చేసినట్టు! రాసేటప్పుడైతే కొట్టేసి మళ్లీ రాయొచ్చు. బోర్డు ముందు ఆ అవకాశం లేదు. ‘హావింగ్’ అని మొదలుపెట్టాక కర్తని వెతుక్కుంటూ అసలు చెప్పాల్సింది మర్చిపోతారు. "ఆఫ్టర్ మై బీటెక్, మై ఫాదర్ సజెస్టెడ్ సివిల్స్" అంటే ఏం తక్కువైంది?

పర్సనాలిటీ టెస్ట్‌కి 275 మార్కులు. అది క్రాస్ ఎగ్జామినేషన్ కాదనీ, ఒక ఉద్దేశంతో సాగే సహజ సంభాషణ అనీ యూపీఎస్సీ నోటిఫికేషనే చెబుతుంది. సంభాషణలో ఎవరైనా అఫిడవిట్ చదువుతారా?

రాజ్యాంగ పీఠికలోనే ‘హావింగ్’ ఉంది కదా అంటారేమో. ఉంది. కానీ అది 1949 నవంబర్ 26న రాజ్యాంగ సభ ఆమోదించిన లిఖిత పత్రం, ఎవరో అడిగిన ప్రశ్నకి అప్పటికప్పుడు ఇచ్చిన జవాబు కాదు. పైగా అక్కడ కర్త చివరిదాకా మారలేదు. సంకల్పించిందీ ప్రజలే, ఆ రాజ్యాంగాన్ని తమకు తాము ఇచ్చుకున్నదీ ప్రజలే.

పార్టిసిపుల్స్ నేర్చుకోవద్దని కాదు. మెయిన్స్‌లో 300 మార్కుల క్వాలిఫైయింగ్ ఇంగ్లిష్ పేపర్‌కి, ఎస్సెస్సీ ఎర్రర్ స్పాటింగ్‌కి అవి కావాలి. ‘హావింగ్ సెడ్ దట్’ ఒక్కటి మాటల్లో ఇమిడిపోయింది, దాన్ని వదిలేయక్కర్లేదు. జవాబుకోసారి అంటే మాత్రం అదీ విసుగే.

ఈ రాత్రి మీ పరిచయాన్ని ఫోన్‌లో రికార్డ్ చేసుకుని వినండి. ‘హావింగ్’ వినిపించిన ప్రతిచోటా ఆపి, అదే విషయాన్ని ఇంటర్ చదివే తమ్ముడికి ఇంగ్లిష్‌లో ఎలా చెబుతారో అలా చెప్పి చూడండి.